బాలుని పనిలో గురువు చేయి

ప్రాథమిక పాఠశాలలో వారమునకొక క్రమము కలదు. తొలిదినములలో గుణింతములు, ఎక్కములు, కూడికలు, పరిసరముల పాఠములు నడచును. శనివారము వచ్చునప్పటికి పలుచోట్ల పుస్తకములు ప్రక్కకు జరిగి, బంకమన్ను, రంగులు, కత్తిరించిన కాగితములు, తాటాకులు, చింతగింజలు బయటికి వచ్చును. ఈ పనులను వినోదమని కొందఱు, కాలహరణమని కొందఱు తలతురు. 2010వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము తన 29వ సెక్షనులో, పిల్లలు పనులు చేయుచు, వెదకుచు, తామై కనుగొనుచు నేర్చుకొనవలెనని విధించినది. కావున ఇట్టి పనులు బడిలో ఉండవలెనా యను వాదముతో మన కిప్పుడు ప్రసక్తి లేదు. మేము విచారింపదలచిన ప్రశ్న వేఱు. బాలుడు చేయు పనిలో గురువు చేయి ఎంతవఱకు ఉండవచ్చును?

ప్రశ్న చిన్నదిగా కనబడును. తల్లిదండ్రులను పిలిచిన దినమున ఒక తరగతి గోడను చూడుడు. ముప్పది కాగితములు, ముప్పది మామిడిపండ్లు. అన్నిటిది ఒకే యాకారము, ఒకే పసుపు, అన్నిటికిని కుడివైపుననే యొక ఆకు. ప్రతి పండు క్రిందను ఒక బిడ్డ పేరు. ఆ పేర్లు నిజము. ఆ పండ్లు అందముగా నున్నమాటయు నిజము. ఆ పేరునకును ఆ పండునకును గల సంబంధము మాత్రము అసత్యము. గీత గీసినది గురువు, గీతలోపల రంగు నింపినది బాలుడు.

దీనికి సమాధానముగా ఉపాధ్యాయులు చెప్పు మాట యొకటి కలదు. “తప్పు దిద్దుట మా ధర్మము. ‘కుక్క’ యను మాటకు వత్తు మఱచినచో దిద్దుచున్నాము గదా. అయిదు కాళ్ల కుక్కను దిద్దక విడుచు టెట్లు?” ఈ వాదము త్రోసివేయదగినది కాదు. వ్రాతయు లెక్కయు లోకము చేసికొన్న కట్టుబాట్లు. ఏడెనిమిదు లేబదియాఱు, బాలుని యిష్టానిష్టములతో దానికి పని లేదు. అచ్చట దిద్దనివాడు బిడ్డకు ద్రోహము చేసినవాడగును. కాని బాలుడు వేసిన బొమ్మ కట్టుబాటు కాదు, అది వాని సాక్ష్యము. తాను లోకమును ఏ విధముగా ఎఱుగునో దానిని వాడు కాగితముపై చెప్పుచున్నాడు. సాక్షి చెప్పినదానిని విని ప్రశ్నింపవచ్చును గాని, సాక్షి నోట మన మాటలు పెట్టి క్రింద వాని వ్రేలిముద్ర వేయింపరాదు.

బాలుర బొమ్మలను శ్రద్ధతో పరిశీలించినవారు ఈ మాటనే మఱియొక విధముగా తెలిపిరి. ఫ్రాన్సు దేశీయుడైన లూకే 1927లో ప్రకటించిన గ్రంథమున, చిన్నబిడ్డ తాను చూచినదానికంటె తాను ఎఱిగినదానినే గీయునని నిరూపించెను. ఇంటి గోడ వేసి, గోడలోనుండి లోపలి మంచమును మంచముపై అవ్వను చూపుట అందుకే. అవ్వ లోపల ఉన్నదని వానికి తెలియును. తెలిసినదానిని దాచుట వానికి చేతకాదు. తన మనస్సునకు ముఖ్యమైనదానిని బిడ్డ పెద్దదిగా గీయునని లోవెన్‌ఫెల్డు 1947లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. మా తరగతిలో ఒక బాలుడు ఇంటికంటె గేదెను పెద్దదిగా గీసెను. కారణ మడుగగా, “అది పాలిస్తేనే గదా మాస్టారూ మా యింట్లో అన్నం!” అనెను. ఆ గేదెను చెఱిపి చిన్నది చేసినచో బొమ్మ బాగుపడును. కాని అందులోని నిజము పోవును.

అయిన గురువు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? 1897లో వియన్నా నగరమున సిజెక్ అను నాతడు బాలుర చిత్రకళాతరగతిని తెఱచి, వారిని తమ దారిని ఎదుగనిచ్చెను. దానినుండి కొందఱు గురువు మౌనమే మేలని తీర్మానించిరి. మాకది సమ్మతము కాదు. సరిగా పిసుకని మన్ను ఎండగానే బీటలు వాఱును. తడి చేయక అతికించిన తొండము ఏనుగునుండి ఊడిపడును. కుంచె కడుగక ముంచినచో రంగులన్నియు బురద యగును. ఇవి నేర్పనివాడు బిడ్డ స్వేచ్ఛను కాపాడినవాడు కాడు, వాని నిరాశకు కారకుడు. సాధనము గురువుది, సాధ్యము బాలునిది.

కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను చెక్కు ఇంటి బిడ్డ, పెద్దలు చెక్కిన బొమ్మను చూచియే చెక్కుట నేర్చుకొనును గదా, అది తప్పా యని యడుగవచ్చును. తప్పు కాదు. తాను అనుకరించుచున్నట్లు ఆ బిడ్డకు తెలియును, లోకమునకును తెలియును. అనుకరణము దోషము కాదు. అనుకరణమును సృష్టి యని చాటుట దోషము.

ఈ దోషము బడితో ఆగుట లేదు. బడి పని యిచ్చినంతనే అంగడిలో తయారుగానున్న పటములు, నమూనాలు దొరకుచున్నవి. అంగడికి పోనియింట తండ్రి అర్ధరాత్రివఱకు మేల్కొని థర్మాకోలుతో గాలిమర చేయును. తెల్లవాఱి ఏడేండ్ల కూతురు దానిని రెండు చేతులతో పట్టుకొని, పరుల సొమ్మును మోయునట్లు భయపడుచు బడికి నడచును. దానికి మెప్పు వచ్చును. ఆ మెప్పుతో ఆ బిడ్డ నేర్చిన దేమి? పని యనగా ఒకరు చేయునది, పేరు అనగా మఱియొకరు అంటించుకొనునది యని. పదవతరగతి పరీక్షలో చీటీలు పట్టుబడినప్పుడు మనము ఆశ్చర్యపడుదుము. ఆ విత్తనమును ఏడవయేట ప్రేమతో నాటినది మనమే కాదా?

అంతకంటెను పెద్ద నష్టమొకటి కలదు. ఒకసారి తన బొమ్మను పెద్దచేయి తుడిచి మరల వేయగా చూచిన బిడ్డ, మఱుసటి శనివారము కాగితము ముందుకు జరిపి, “నాకు రాదు, మీరే వేయండి” అనును. అది వినయము కాదు. తన కన్నులపై తనకు నమ్మకము పోయినదని చెప్పుట. అట్టివాడు పెద్దయైనపిమ్మట ఇతరులు గీసిన గీతలో రంగు నింపుచునే కాలము గడపును. ఆచారమును ప్రశ్నింపగల పౌరులు కావలెనని కోరు మనము, ఆ ప్రశ్న మొలకెత్తుచోటనే దానిని త్రుంచుట న్యాయమా?

కాబట్టి చదువరులారా, మా విన్నప మింతే. బిడ్డ సహాయ మడిగినచో వేఱొక కాగితముపై చూపుడు, వాని కాగితమును ముట్టకుడు. గోడపై కొన్నిటిని ఏఱి పెట్టక అందఱివియు పెట్టుడు. “ఇది గుఱ్ఱమువలె లేదే” అనక, “దీని సంగతి చెప్పు” అనుడు. వంకరగానున్న ఆ మామిడిపండును చూచి అతిథి నవ్విన నవ్వుగాక. దాని క్రింద నున్న పేరు మాత్రము నిజమైన దగును.