జనతా చీర

పోయిన సంక్రాంతికి అమ్మకోసం ఒక చీర కొన్నా. మాదాపూర్లో చేనేత ఎగ్జిబిషన్. ముతక నూలు, బూడిదరంగు మీద మెరూన్ గళ్ళు, వేలెడు అంచు. ట్యాగు మీద ‘ఎనభైల నాటి సాదాతనం’ అనో ఏదో రాసుంది. 4,200 రూపాయలు. అమ్మ మడత విప్పి, కొంగుని రెండువేళ్ళ మధ్య నలిపి చూసి, “ఇది జనతా చీరరా” అంది. నవ్వుతూనే అంది. ఎంతయిందని అడిగితే ఎనిమిదొందలని చెప్పా. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో అప్పుడు నాకు తెలీదు. ఆమె ఆ చీర కట్టుకోలేదు.

నా వయసు వాళ్ళకి జనతా చీర అంటే తెలిసుండదు కాబట్టి రెండు ముక్కలు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి చవకగా బట్ట, పని దొరకని నేతగాళ్ళకి ఇంత పని, ఈ రెండూ కలిపి 1976లో కేంద్రం జనతా వస్త్రాల పథకం పెట్టింది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక రెండు రూపాయల కిలో బియ్యంతో పాటు సగం ధరకే చీర, ధోవతి అన్నారు. మంచి పథకమే. కాకపోతే ముతక నేతకి కూలి తక్కువ. సన్నటి పని తెలిసిన చేతులు కూడా అదే నేస్తూ కూచోవాల్సి వచ్చిందనే విమర్శ కూడా ఉండేది.

మా తాతయ్య తెనాలిలో రైసు మిల్లు గుమాస్తా. 1984లో అమ్మ టీచర్ ట్రైనింగ్‌లో చేరినప్పుడు, కార్డు మీద వచ్చిన రెండు చీరల్లో ఒకటి అమ్మమ్మ ఆమెకిచ్చింది. బావుండకపోవడం కాదట బాధ. వీధిలో ఇంకో నాలుగిళ్ళలో అవే గళ్ళు. చీర చూస్తే ఇంట్లో ఏ కార్డుందో తెలిసిపోయేది. వరండాలో ఎవరి పక్కన నించోవాలా అని చూసుకునేదట.

ఇప్పుడు నా ప్రశ్న. ఇంకొకరు వేరే దారి లేక కట్టుకున్నదాన్ని నేను అందంగా ఉందని కొనుక్కోవచ్చా? పాత ఫ్యాషన్లు తిరిగొస్తున్నాయి. బుట్టచేతుల జాకెట్లు వచ్చాయి, బెల్‌బాటమ్‌లు వచ్చాయి. ‘మహానటి’ చూసొచ్చాక టైలర్ల దగ్గర మోచేతుల దాకా చేతులు కుట్టించుకున్న వాళ్ళని నేనే చూశా. వీటిలో నాకు తగువేమీ లేదు. అవి అప్పుడు కూడా సరదాకి వేసుకున్నవే, కాస్త డబ్బుండి వేసుకున్నవే. సరదా మళ్ళీ సరదాగా రావడంలో ఎవరికీ ఏమీ పోదు. చిక్కంతా లేమి తిరిగొచ్చినప్పుడే.

ఈ గొడవ కొత్తది కాదు. 1971 జనవరిలో పారిస్‌లో ఈవ్ సాన్ లోరాన్ ఒక కలెక్షన్ చూపించాడు. నలభైల నాటి బట్టలు: ఎత్తు భుజాలు, పొట్టి గౌన్లు, తలపాగాలు, లావుపాటి అడుగున్న చెప్పులు. పాతబట్టల సంతల్లో ఏరుకొచ్చి వేసుకునే స్నేహితురాలు పలోమా పికాసోని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. పత్రికలవాళ్ళు భగ్గుమన్నారు. ఎందుకంటే వాళ్ళలో చాలామంది ఆ ఏళ్ళు బతికారు. నాజీల ఆక్రమణలో తోలు దొరక్క చెప్పులకి చెక్క అడుగులు వేసుకున్నారు, జుట్టు బాగుచేయించుకునే వీల్లేక తలకి గుడ్డ చుట్టుకున్నారు. వాళ్ళకి అది స్టైలు కాదు. సాన్ లోరాన్ పుట్టింది 1936లో, అల్జీరియాలోని ఒరాన్‌లో. ఆక్రమణ నాటి పారిస్ అతను చూడలేదు. అతని సమాధానం స్థూలంగా ఇది: ఫ్యాషన్ పండితులకి ఏం గుర్తొస్తే నాకేం, ఆ ఫ్యాషన్ ఎరగని కుర్రపిల్లలకి ఇవి వేసుకోవాలనిపించడమే ముఖ్యం.

మొదటిసారి చదివినప్పుడు ఇది పొగరనిపించింది. ఇప్పుడు సగం ఒప్పుకుంటా. జ్ఞాపకం లేనివాడి కన్ను కొన్నిటిని మొదటిసారి చూస్తుంది. ఆ గళ్ళలో అందం నిజంగానే ఉంది. అమ్మకి అది కనపడకుండా అడ్డుపడింది చీర కాదు, కార్డు. నేసినవాడి చేతిపని నలభయ్యేళ్ళ తర్వాత నా కంటికి ఆనితే తప్పేంటి? అవమానపడ్డవాళ్ళు బతికున్నంతకాలం ఆ వస్తువుని ఎవరూ ఇష్టపడకూడదంటే, ఆ అవమానానికే ఇంకా ఆయుష్షు పోసినట్టు.

కానీ ఆ మిగతా సగం నన్ను వదలట్లేదు. నేను ముతక చీర మెచ్చుకోగలుగుతున్నది ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయగలను కాబట్టి. అమ్మకి దొరకనిది అదే. తన మొదటి జీతంతో ఆమె కొనుక్కున్నది నైలెక్స్ చీర. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దున్నే కట్టుకుని బస్సెక్కొచ్చు. నేను ‘ప్లాస్టిక్’ అని ఈసడించే ఆ గుడ్డ ఆమెకి రోజూ గంటసేపు మిగిల్చింది. ఇప్పుడు నేనొచ్చి, కాటనే ఆరోగ్యం, సాదాతనమే సంస్కారం అని ఆమె తప్పించుకున్నదాన్నే గిఫ్ట్‌ప్యాక్ చేసి ఇస్తున్నా. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఎవరో ఇరవై ఏళ్ళ కింద రాత్రుళ్ళు మేలుకుని రాసిన ప్యాచ్‌ని, కామెంట్లు తీసేసి, ‘క్లీన్ డిజైన్’ అని మెచ్చుకున్నట్టు.

ఆ ట్యాగు అబద్ధమాడింది అక్కడే అనుకుంటా. సాదాతనం అంటే ఉన్నవాడు వద్దనుకోవడం. లేనివాడికి లేకపోవడాన్ని ఆ మాటతో పిలిస్తే, ఆ ఏళ్ళని దొంగిలించినట్టే. ట్యాగు మీద ఉత్తినే ‘జనతా చీర’ అని రాసుంటే నేను కొనేవాణ్ణా? కొనేవాణ్ణే అనుకుంటున్నా. అమ్మకోసం మాత్రం కాదు. ధర విషయంలో నా నోట అబద్ధం రావడానికి కూడా అదే కారణం కావచ్చు: 4,200 అనగానే ఆమె పడ్డ సిగ్గుకి నేను రేటు కట్టినట్టవుతుందని ఎక్కడో తెలుసు.

చీర ఇప్పుడు మా ఆవిడ కట్టుకుంటోంది, శుక్రవారాలు ఆఫీసుకి. గంజి పెట్టకపోతే కొంగు నిలవదని అమ్మే పెట్టిస్తుంది. మొన్న మాటల్లో అసలు ధర మా ఆవిడ నోట జారింది. అమ్మ నావైపు చూడలేదు. ఆరేసిన చీర అంచులు లాగి సరిచేస్తూ, “రెండుండేవి. ఒకటి నీ ఉయ్యాలకి పోయింది, ఇంకోటి మసిగుడ్డలయింది. దాచుంటే నీకే అమ్మేదాన్ని కదరా” అంది.