రక్తంలో ఉందా?

సంబంధాలు చూసేటప్పుడు మన పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: "వాళ్ళ రక్తంలోనే ఉందమ్మా!" తాత తాగేవాడు, తండ్రి తాగేవాడు, కనుక వీడూ తాగుతాడని. పెళ్ళయ్యాక అదే నోటితో, "నలుగురిలో తిరిగే మగవాడు, ఆమాత్రం అలవాటు కాదూ" అని కోడలికి నచ్చచెప్తారు. రక్తమా, అలవాటా? ఎప్పటికేది వీలైతే అది!

శాస్త్రజ్ఞులూ ఈ ప్రశ్నే వేసుకున్నారు. స్వీడన్‌లో చిన్నప్పుడే దత్తు వెళ్ళిన పిల్లల వివరాలు చూసి, క్లోనింజర్ అనే అమెరికన్ డాక్టరూ ఆయన సహచరులూ 1981లో తాగుడులో రెండు రకాలున్నాయన్నారు. ఒకటి పెద్దయ్యాక, పరిసరాలను బట్టి మెల్లగా పట్టుకునేది. రెండోది చిన్న వయసులోనే మొదలై, తగాదాలతో కలిసి, తండ్రి నుంచి కొడుక్కి దిగేది. ఈ రెండో రకంవాళ్ళ ప్లేట్‌లెట్లలో ఒక ఎంజైము తక్కువగా ఉంటోందని కూడా కొందరు కనిపెట్టారు. ఇంకేం, రక్తం తీస్తే గుట్టు తెలిసిపోతుందని ఆశ పుట్టింది. తీరా చూస్తే సిగరెట్టు పొగ కూడా ఆ ఎంజైమును తగ్గిస్తుందట! తాగేవాళ్ళలో సిగరెట్టు ముట్టనివాళ్ళు ఎందరు?

ఇప్పుడు ఆస్పత్రుల్లో చేసే జి.జి.టి., సి.డి.టి. లాంటి పరీక్షలు ఈమధ్య ఎక్కువగా తాగాడా అన్నది కొంతవరకు చెప్తాయి. ఎందుకు తాగాడో చెప్పవు. జి.జి.టి. అయితే లివరుకు కొవ్వు పట్టినా, కొన్ని మందులు వాడినా పెరుగుతుంది.

తిరుమలగిరిలో ఉండే మా చుట్టాలమ్మాయి ఇలాంటి కాగితమే తెచ్చి చూపించింది. అంకెలన్నీ బాగానే ఉన్నాయి. "చూసినవా, నా కొడుక్కి ఏం లేదు. నువ్వే బద్నాం చేస్తున్నవ్" అన్నదట అత్తగారు. కానీ అతను తాగేది కల్లు. చెట్టు నుంచి దించిన కల్లయితే వేరే సంగతి. మన వైపు చాలాచోట్ల అందులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. ఆల్కహాలు జాడ వెతికే పరీక్షకు నిద్రమాత్ర ఎలా దొరుకుతుంది? 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు పరుగెత్తారు. అందుకే ఇంట్లో గది గొళ్ళెం పెట్టి మాన్పించడం ప్రమాదం. ఏం తాగుతున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పి, ఆయన చేతిమీదుగానే మాన్పించాలి.

"చిన్నమ్మా, ఇండ్ల ఆయన తప్పెంత, రక్తం తప్పెంత అని రాసిండ్రా?" అని అడిగింది.

రక్తంలో ఉంటే క్షమించాలి, లేకపోతే తిట్టాలి అన్న లెక్క నాకెప్పుడూ రుచించలేదు. వంశంలో షుగరు ఉన్నవాణ్ణి పాపి అనం. అలాగని జిలేబీలు తింటూ, మందు మింగనని మొండికేస్తే ఊరుకుంటామా? కవలల మీద, దత్తపుత్రుల మీద జరిగిన పరిశోధనల ప్రకారం తాగుడులో వంశం వాటా ఇంచుమించు సగం. ఆ సగం కోసం అతన్ని అసహ్యించుకోనక్కర్లేదు. మిగతా సగానికి వైద్యానికి నడవమని అడిగే హక్కు ఆమెకుంది. రానంటే, దెబ్బలు తింటూ ఆ ఇంట్లోనే ఉండాలని ఏ రక్తపరీక్షా చెప్పదు.

ఆమె కొడుకు పదో తరగతి. వాడి రక్తం కూడా ఇప్పుడే చూపించమంటావా అంది. వద్దన్నాను. సాయంత్రాలు కల్లు తెమ్మని వాణ్ణి దుకాణానికి పంపడం మాత్రం ఆ రోజు నుంచే మానెయ్యమన్నాను.