చెంగు కాదు, కుచ్చు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలకు శుక్రవారం పొద్దుగూకగానే సబ్బాతు మొదలవుతుంది. వీరిలో చాలామంది ఒకప్పుడు బాప్తిస్టు సంఘాల వాళ్లే. వీరిలోనివారైన యాకోబి సోదరుల చొరవతో 1991లో ఇక్కడ యూదుల ప్రార్థనామందిరం వెలిసింది. తాము ఎఫ్రాయిము గోత్రపు బిడ్డలమని, బెనె ఎఫ్రాయిమని వీరు చెప్పుకుంటారు. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ వీరి గురించి రాసిన ‘ద జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్’ 2013లో వెలువడింది.

వంశం సంగతి అలా ఉంచుదాం. ఆదివారం గుడికి వెళ్లే పొరుగువారి ఇళ్లలో ఉన్న తెలుగు బైబిలే తమ యూదు ధర్మానికి దారి చూపిందని వీరి నమ్మకం. మరి యేసు పుట్టి పెరిగిన ఆ ధర్మం పొరుగువారి కంట ఎందుకు పడటం లేదు?

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతటి చరిత్ర ఉన్న నేలమీద యేసు నాటి యూదు శాఖకు చెందిన ‘పరిసయ్యుడు’ అంటే ఇవాళ్టికీ వేషధారి అనే అర్థం. తాను పరిసయ్యుడినేనని పౌలు సభలో ఎలుగెత్తి చెప్పిన అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఒక్క మాట చూడండి. రక్తస్రావంతో బాధపడే స్త్రీ యేసు వస్త్రపు చెంగు ముట్టుకుందని మత్తయి 9లో చదువుతాం. చెంగు అనగానే మనకు పంచె అంచో, చీర కొంగో మెదులుతుంది. గ్రీకు మూలంలో ఉన్నది ‘క్రాస్పెదోన్’. సంఖ్యాకాండం 15లో బట్టల అంచులకు నీలి దారంతో కుచ్చులు కట్టుకోమన్న ఆజ్ఞ ఉంది. దాని గ్రీకు అనువాదంలోనూ ఇదే మాట. అంటే ఆమె వేళ్లకు తగిలింది ఓ యూదుడు ఆజ్ఞ ప్రకారం కట్టుకున్న కుచ్చు. ఇది తెలిశాక ఆ కథ మరోలా వినిపిస్తుంది.

కాబట్టి యేసు ధర్మాన్ని తెలుసుకునే చదువు మోషే పంచకాండాలతోనే మొదలుకావాలి. ఆ తర్వాత గెజా వెర్మెష్ ‘జీసస్ ద జ్యూ’ (1973). యూదు పండితులే కొత్త నిబంధనకు వివరణలు రాసిన ‘ద జ్యూయిష్ అనొటేటెడ్ న్యూ టెస్టమెంట్’ (2011) అయితే బల్లమీద ఎప్పుడూ ఉండాల్సిన పుస్తకం. తెలుగులో ఇలాంటిది పాస్టర్ల చేతికి రావాలి.

యూదు గురువుల బోధల సంకలనమైన మిష్నాని కూడా వదలకూడదు. ఒక ఉదాహరణ చూద్దాం. హోసన్నా మినిస్ట్రీస్ అనే క్రైస్తవ సంస్థ వారు ఏటా గుంటూరు ప్రాంతంలో గుడారాల పండుగ జరుపుతారు; వేలాదిమంది తరలివస్తారు. లేవీయకాండం 23లోని ఆ పండుగకే యేసు యెరూషలేము వెళ్లాడని యోహాను 7 చెబుతుంది. దప్పిగొన్నవారు తన దగ్గరికి రావాలని ఆయన పిలిచింది దాని చివరి మహాదినాన. అసలు నీళ్ల ప్రస్తావన అక్కడికెందుకు వచ్చింది? జవాబు మిష్నాలోని ‘సుక్కా’ భాగంలో ఉంది. పండుగ రోజుల్లో సిలోయము కోనేటి నుంచి బంగారు పాత్రలో నీళ్లు తెచ్చి బలిపీఠం మీద పోసేవారు. ఆ ఏటి వానలకు తీర్పు జరిగేది ఆ పండుగనాడేనని యూదుల నమ్మకం.