విలువ లేని ఎకరం

అమెరికన్ కళాకారులు కామెరాన్ రోలండ్ 2018లో రూపొందించిన ‘డిప్రీసియేషన్’ (విలువ తరుగుదల) అనే కృతికి ముడిసరుకు రాయి కాదు, లోహం కాదు. అది ఒక ఎకరం నేల, ఆ నేల తాలూకు దస్తావేజు. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, ఎడిస్టో దీవిలో బానిసల చేత సాగుచేయించిన ఒక ప్లాంటేషన్‌లోది ఆ ఎకరం. దాన్ని రోలండ్ తాము నెలకొల్పిన ఒక సంస్థ పేరున మార్కెట్ ధరకు కొన్నారు. ఇకపై అక్కడ కట్టడం గానీ మరే వినియోగం గానీ కూడదన్న షరతును రిజిస్టరు చేయించారు. ఆ తర్వాతి మదింపులో నేల విలువ సున్నా డాలర్లని తేలింది.

ఈ నేల వెనుక తప్పిన మాట ఒకటి ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ 1865 జనవరి 16న ఇచ్చిన 15వ నంబరు ఉత్తర్వు, ఎడిస్టోతో సహా తీరభూములను విముక్తులైన నల్లజాతి కుటుంబాలకు ఒక్కోదానికి 40 ఎకరాల వరకు కేటాయించింది. సుమారు 40,000 మంది అక్కడ స్థిరపడి సాగుకు దిగారు. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. అక్టోబరులో, విముక్తుల సహాయ శాఖ అధిపతి జనరల్ హోవర్డ్ ఎడిస్టో చర్చిలో ఈ కబురు చెప్పగా, దీవివాసులు అధ్యక్షుడికి అర్జీ పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది.

భూమి ఎవరిదన్న ప్రశ్న ఇక్కడే పదునెక్కుతుంది. దేవుడు భూమిని మనుషులందరికీ ఉమ్మడిగా ఇచ్చాడనీ, దానికి తన శ్రమను జోడించినవాడికి అది సొంతమవుతుందనీ ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1689లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. ఆ లెక్కన ఎడిస్టో పత్తిచేలు వాటిని దున్నినవారివే. కానీ కరోలినా వలస అధిపతుల వద్ద కార్యదర్శిగా ఉన్న లాక్, 1669 నాటి కరోలినా మూలశాసనాల రచనలోనూ పాలుపంచుకున్నాడు. నల్లజాతి బానిసలపై యజమానికి సర్వాధికారం ఇచ్చిన శాసనాలవి. మనిషే ఆస్తి అయినప్పుడు అతని చెమట కూడా యజమాని ఖాతాలోనే జమవుతుంది. శ్రమ ఎవరిదో చట్టం ముందే తేల్చిన చోట శ్రమ హక్కును పుట్టించలేదు.

రోలండ్ ఆ చట్టాన్నే పనిముట్టుగా చేసుకున్నారు. ఆ స్థలం సందర్శనకు తెరిచి లేదు. గ్యాలరీలో కనిపించేవి చట్రం కట్టిన పత్రాలే. బీడు పెట్టడం వల్ల బానిసల వారసులకు ఒరిగేదేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఒక ఎకరాన్ని ఇచ్చేసి ఉంటే బాకీ తీరిందన్న భ్రమ కలిగేది. ఈ కృతి బాకీ తీర్చదు. దాన్ని చెరిగిపోకుండా రిజిస్ట్రేషన్ రికార్డుల్లోకే ఎక్కిస్తుంది. లాభం తీయలేని ఆ నేల, చుట్టూ ధర పలుకుతున్న ప్రతి ఎకరం హక్కు ఎక్కడ మొదలైందో అడుగుతూ ఉంటుంది.