ఊపిరికి వంతులు

పడిశం పది రోగాల పెట్టు అన్నారు మనవాళ్లు. ఆ పదిలో దేశం ఖాతాలో రాయాల్సినవి ఎన్ని, మనిషి ఖాతాలో రాయాల్సినవి ఎన్ని? కెనడాలో ఈ లెక్క తేల్చే బోర్డే ఉంది. 1995లో ఏర్పడిన వెటరన్స్ రివ్యూ అండ్ అప్పీల్ బోర్డు ప్రధాన కార్యాలయం షార్లెట్‌టౌన్‌లో. జబ్బుకు పరిహారం ఇవ్వనని వెటరన్స్ శాఖ కాదన్న మాజీ సైనికులు ఈ గడప తొక్కుతారు. చిత్రమేమిటంటే, ఆ శాఖే వాళ్ల తరఫున వాదించడానికి ఉచితంగా లాయర్ని కూడా ఇస్తుంది.

ఒక మాజీ సైనికుణ్ణి ఊహించుకుందాం. దుమ్ము, డీజిల్ పొగ పీల్చి పీల్చి సైనస్ పట్టుకుంది. పడుకుంటే ముక్కు దిబ్బడ. రెండు దిండ్లకు ఆనుకుని, నోరు తెరుచుకుని, కునుకు తీస్తాడు. పొద్దున ఒక ముక్కులోంచి ఉప్పునీళ్లు పోసి, రెండో ముక్కులోంచి వదులుతాడు. పక్కనే కాఫీ మరుగుతున్నా వాసన తెలియదు.

జబ్బులో సర్వీసు వాటా ఎంతో అక్కడ ఐదు వంతుల్లో లెక్కగడతారు. పొలానికైతే గట్టు ఉంటుంది, ఊపిరికి గట్టెక్కడ?

రుజువు అడుగుతారు. ముక్కు కారుతోందని సిక్ పరేడ్‌కి, అంటే సైనిక డాక్టరు దగ్గరికి, వెళితే తోటివాళ్లు నవ్వుతారని అతను వెళ్లనే లేదు. ఆ ఏళ్ల వైద్యపు కాగితాలు ఖాళీ. ఓర్చుకోవడం నేర్పిన చోటే ఓర్చుకున్నందుకు నష్టపోయాడు. అలాగని అడగకుండా ఇచ్చేయమనగలమా? ఖజానా జనానిది. సైన్యం మొహం చూడని వాళ్లకీ ఈ జబ్బు వస్తుంది.

ఇది ఎరిగే కాబోలు, బోర్డు చట్టం 39వ సెక్షన్‌లో ఒక దయ ఉంచింది: నమ్మదగ్గ సాక్ష్యానికి ఎదురు సాక్ష్యం లేకపోతే ఒప్పుకోవాలి, తూచేటప్పుడు సందేహం వస్తే దరఖాస్తుదారు పక్షానే తీర్చాలి. కానీ మొదటి విచారణలో తన బాధ తానే చెప్పుకున్న మనిషికి అప్పీలులో నోటి సాక్ష్యం ఇచ్చే వీలు లేదు. అక్కడ మాట్లాడేవి కాగితాలు, లాయరు.

సందేహాన్ని ఎటు తీర్చాలో చట్టం చెప్పగలదు. సందేహించమని మాత్రం చెప్పలేదు. ఖాళీ పేజీ చూసి 'బాధ లేదు' అనుకునే మనసుకు సందేహమే రాదు. 'చెప్పుకోలేదేమో' అని ఆగే మనసుకే వస్తుంది. ఆ ఆగడం ఏ సెక్షన్ కింద నేర్పుతారు?

చివరికి ఐదింట మూడు వంతులు మంజూరయ్యాయే అనుకోండి. అది న్యాయమే కావచ్చు. పరిహారం మూడు వంతులే. రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం మాత్రం ఐదుకు ఐదూ అతనిదే.