ఒక్క గదిలో పద్నాలుగు వేల ఏళ్లు

సైన్స్ ఫిక్షన్ అనగానే అంతరిక్ష నౌకలు, పేలుళ్లు, కోట్ల రూపాయల గ్రాఫిక్సే గుర్తొస్తాయి. అవేవీ లేని సినిమా ఒకటుంది. 2007లో వచ్చిన ‘ద మ్యాన్ ఫ్రమ్ ఎర్త్’.

ఉద్యోగం మానేసి ఊరొదిలి వెళ్లిపోతున్న ఓ ప్రొఫెసర్. వీడ్కోలు చెప్పడానికి తోటి అధ్యాపకులు ఇంటికొస్తారు. ఎందుకు వెళ్తున్నావని గుచ్చి గుచ్చి అడిగితే, తాను 14,000 ఏళ్లుగా బతికే ఉన్నానంటాడు. తనకు వయసు పెరగడం లేదన్న సంగతి నలుగురి కంట పడకముందే, పదేళ్లకోసారి మకాం మారుస్తాడట! ఇక అక్కణ్నుంచి అన్నీ మాటలే. జీవశాస్త్రం చెప్పేవాడు ఒకలా, పురావస్తు శాస్త్రం చదివినవాడు ఇంకోలా, దైవభక్తి గల ఆవిడ మరోలా నిలదీస్తారు. అబద్ధమని తేల్చలేరు, నిజమని ఒప్పుకోలేరు.

రచయిత జెరోమ్ బిక్స్‌బీ ఈ స్క్రిప్టును 1998లో మరణశయ్య మీద ముగించాడు. తెరమీద చూసుకోలేకపోయాడు. చిత్రీకరణ సాదాసీదాగా ఉంటుంది, నిజమే. కానీ రేడియో నాటకాలు విన్న చెవులకు అదో లోటా?

ఇది నచ్చితే 2013 నాటి ‘కోహెరెన్స్’ కూడా చూడండి. తోకచుక్క కనిపించిన రాత్రి, స్నేహితుల విందు. దర్శకుడు దాన్ని తన ఇంట్లోనే, నటులకు పూర్తి స్క్రిప్టు ఇవ్వకుండా తీశాడు. ఒంటరిగా మాత్రం చూడకండి.