తుపాకి చేతులు మారునప్పుడు

ప్రియ చదువరీ, ఒక ప్రశ్న నీ ముందుంచుచున్నాను. మన యొద్దనున్న అపాయకరమైన వస్తువును ఇంకొకనికి ఇచ్చివేసినప్పుడు, దానిని గూర్చిన మన బాధ్యత అంతటితో తీరునా?

ఈ ప్రశ్న నాకు మా సంఘములోని ఒక విధవరాలి వలన కలిగినది. ఆమె భర్త పంట కాపుదలకై లైసెన్సుతో ఒక తుపాకి ఉంచుకొనెడివాడు. ఆయన ప్రభువునందు నిద్రించిన కొన్ని దినములకు ఆమె నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఇంటిలో చిన్నపిల్లలున్నారు. ఆ తుపాకిని చూచిన నాకు భయము. మా తమ్మునికి ఇచ్చివేయుదునా?” అని అడిగెను. ఆ తమ్ముడు సంఘ పెద్ద, నెమ్మదిగలవాడు. నేను ఆలోచింపక, “మనవాడే గదా, ఇయ్యమ్మా” అంటిని. అయితే అతడు దానిని ముట్టలేదు. “అయ్యగారూ, నన్ను మీరెరుగుదురు. కాగితము లేకుండ నేను తీసికొనినయెడల, నా తరువాత ఇది ఎవరి చేతికి పోవునో ఎవరెరుగుదురు?” అనెను. ఆ దినమున గొఱ్ఱె కాపరికి బుద్ధి చెప్పినది. వారు తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు పుచ్చుకొనిరి.

తరువాత నేను విచారించి తెలిసికొంటిని. మన దేశములో 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము తుపాకి వారసులకు రావచ్చును గాని, లైసెన్సు దానివెంట తనంతట రాదు. చనిపోయినవాని తుపాకిని ఇంటివారు ఆలస్యము చేయక దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సుగల ఆయుధ వ్యాపారి యొద్ద గాని ఉంచవలెను. తరువాత వారసుడు తన పేర లైసెన్సు పొంది తీసికొనవచ్చును. లేదా లైసెన్సుగలవానికి అమ్మవచ్చును. 21 సంవత్సరములు నిండనివానికి లైసెన్సు లేదు. లైసెన్సు ఇచ్చుటకు ముందు అధికారి పోలీసువారి నివేదిక తెప్పించుకొనును. ఒకడు తన తుపాకిని ఇంకొకనికి నేరుగా అమ్మదలచినయెడల, కొనువాని పేరును ఊరును జిల్లా మేజిస్ట్రేటుకు గాని పోలీసు స్టేషనుకు గాని వ్రాతమూలముగా తెలిపి, 45 దినములు ఆగవలెను. వ్యాపారి కూడ కొనువాని లైసెన్సు చూడక అమ్మరాదు. ఎవరికి ఏమి అమ్మెనో తన పుస్తకములో వ్రాసి ఉంచవలెను.

“మనలో మనకు ఈ కాగితము లెందుకు? సహోదరుని నమ్మరాదా?” అని నీవనవచ్చును. యిర్మీయా 32వ అధ్యాయము తీసి చూడుము. ప్రవక్త తన తండ్రి సహోదరుని కుమారుడైన హనమేలు యొద్ద అనాతోతులోని పొలమును కొనెను. వారిరువురు రక్తసంబంధులు, కొనినవాడు దేవుని ప్రవక్త. అయినను క్రయపత్రము వ్రాయబడెను, ముద్ర వేయబడెను, సాక్షులు సంతకములు చేసిరి. బహుదినములు నిలుచునట్లు ఆ పత్రములు మంటికుండలో దాచబడెను. హనమేలును అనుమానించి అట్లు చేయలేదు. నేటి మన స్నేహము మనతో గతించును. వ్రాత మన తరువాతివారి కొరకు నిలుచును.

మరియొకడు, “దొంగ లైసెన్సు అడుగడు గదా! మంచివానికే ఈ శ్రమ యెందుకు?” అనును. ఈ మాటలో కొంత నిజమున్నది. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇంటిమీద పిట్టగోడ కట్టుమను ఆజ్ఞ కలదు. దూకదలచినవానిని పిట్టగోడ ఆపలేదు. అది కాలుజారువాని కొరకు, ఆడుకొను బిడ్డ కొరకు, చీకటిలో లేచిన ముసలివాని కొరకు. అందరిని ఆపలేదని దానిని కట్టకుండ మానుదుమా?

ఇంకొక మాట చెప్పక విడువలేను. కాగితములన్నియు సరిగా నుండియు మన చేతులు శుద్ధముగా నుండకపోవచ్చును. కొనువానికి లైసెన్సున్నది, అయితే అతడు త్రాగి ఇంటివారిని కొట్టునని నీవెరుగుదువు, పొలము గట్టు విషయమై అన్నను చంపుదునని అతడు పలికిన మాట నీవు వింటివి. అధికారికి తెలియనిది నీకు తెలిసియున్నది. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చి ముందుగా హెచ్చరింపబడియు దానిని కట్టివేయని యజమానుని దేవుడు నిర్దోషిగా ఎంచలేదు. తెలిసినవాని లెక్క వేరు. అట్టివానికి ఎంత వెల యిచ్చినను అమ్మకుము. నీవెరిగిన సంగతి పోలీసువారికి తెలుపుము. చట్టము కోరినది చేయుట మొదటి మెట్టు. పొరుగువాని ప్రాణమును ప్రేమించుట దానికి పైమెట్టు.

చదువరీ, నీ యింట తుపాకి లేకపోవచ్చును. పురుగుల మందు డబ్బా ఉన్నది, బ్రేకులు చెడిన బండి ఉన్నది, కరచు కుక్క ఉన్నది. వాటిని ఇంకొకనికి అప్పగించునప్పుడు వెల యెంత అని అడుగుటకు ముందు, ఇది ఎవరి చేతికి పోవుచున్నదని అడుగుము. “నీ తమ్ముడెక్కడ?” అని కయీనును అడిగిన దేవుడు మనలను కూడ అడుగును. ఆ దినమున మన రసీదుతో పాటు మన మనస్సాక్షియు ఆయన యెదుట నిలుచునట్లు ప్రభువు మనకు కృప దయచేయునుగాక. ఆమేన్.